డిపాజిట్ మావయ్యా, నీలిగడ్డం పువ్వూ

పెద్దక్క తమ్ముడికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువునీ ఒక్కచోట ఉంచడు.

తనకంటూ ఏది ఉన్నా దానికి రెండోది ఉండాలి, ఆ రెండోది ఇంకొకరి దగ్గర ఉండాలి. ఇంటి తాళంచెవి పాలబూతులో, చత్వారం కళ్ళజోడు చెప్పుల షాపులో, గొడుగు టీచరమ్మగారి మేడమీద, కట్టుడు పళ్ళ జత కటింగు షాపులో. మనిషిని చూస్తే గుప్పెడుంటాడు గానీ, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని ఉంటాడు. అందుకే వీధి వీధంతా ఆయనకి డిపాజిట్ మావయ్య అని పేరు పెట్టింది. పెద్దక్క మాత్రం "ఒరేయ్" అంటుంది. ఆవిడకి ఆ హక్కుంది. వాణ్ణి చంకనేసుకు మోసి మోసి ఆవిడ నడుము ఒకవైపుకి ఒరిగిపోయింది, అలాగే ఉండిపోయింది.

ఆ పళ్ళ దగ్గరే ఒకసారి పెద్ద గొడవైంది. పెద్దక్క కత్తెర సాన పట్టించుకోవడానికి వెళ్ళి కళ్ళారా చూసింది.

"మావయ్యా, ఇది కటింగు షాపు," అన్నాడు షాపాయన, సబ్బు నురగ బ్రష్షు గాల్లో ఊపుతూ. "అద్దం ముందు గ్లాసులో పళ్ళేంటి? గడ్డం గీయించుకునేవాడు కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎవరో నవ్వుతున్నారు!"

"నవ్వితే మంచిదేగా. నీ షాపులో ఇంకెవరు నవ్వుతున్నారు?"

"నిన్నొకాయన సగం గడ్డంతో లేచి పారిపోయాడు."

"మిగతా సగానికి మళ్ళీ వస్తాడు. నీకు రెండు బేరాలు."

"తీస్తావా, బయట పారేయమంటావా?"

"ఉండు. నీ దగ్గర కత్తెర్లెన్ని?"

"నాలుగు. ఎందుకు?"

"నాలుగూ ఒక్కసారే పట్టుకుని కోస్తావా?"

"ఒకటి మొండిబారితే ఇంకోటి ఉండొద్దూ?"

"మరి నా నోట్లోవి జారి కాలవలో పడితే నేనేం చెయ్యాలి? నీ పళ్ళతో నమలాలా?"

షాపాయన ఏదో అందామని నోరు తెరిచాడు. మావయ్య ఆ నోట్లోకి వంగి చూశాడు. "పైన రెండు ఊగుతున్నాయి నీకూ. కట్టించుకున్నాక రెండో జత మా ఇంట్లో పెడుదువుగాని. నేను గొడవ చెయ్యను."

షాపాయన నోరు మూసుకున్నాడు. బ్రష్షు దింపాడు. గ్లాసు తీసి, అద్దానికి ఇంకాస్త దగ్గరగా పెట్టి, పైన చిన్న తుండుగుడ్డ కప్పాడు. కత్తెర సాన సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

మావయ్య పనిచేసినన్నాళ్ళూ లిఫ్టు మెకానిక్కు. ఈ జబ్బు అక్కడే అంటుకుందని పెద్దక్క నమ్మకం. ఆవిడ మూడో తరగతితో బడికి దణ్ణం పెట్టింది గానీ, ఊళ్ళో సగంమంది నడుము కొలతలు ఆవిడ నోటికి తెలుసు. కుట్టుమిషను మీద బతికింది, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు, పని లేకుండా ఎవరి గడపా తొక్కలేదు. తమ్ముడి గడపైనా సరే. అలాంటి మనిషికి కూడా మావయ్య తాళ్ళ సంగతి బోధపడలేదు.

"లిఫ్టు ఒక్క తాడు మీద వేలాడదక్కా. చాలా తాళ్ళుంటాయి. ఏ ఒక్కటైనా మొత్తం లిఫ్టుని మోసేస్తుంది."

"ఒకటే మోస్తే మిగతావి దేనికి?"

"ఆ ఒక్కటీ తెగిన రోజుకి."

"తెగిందా ఎప్పుడైనా?"

"నేను చూస్తుండగా ఒక్కసారి కూడా తెగలేదు."

"మరి?"

"మరేంటి, మిగతావి ఉన్నాయి కాబట్టేగా!"

ఈ వాదనలో ఎక్కడో చిక్కుముడి ఉందని పెద్దక్క కనిపెట్టింది గానీ, దారం కొస మాత్రం దొరకలేదు.

రిటైరయ్యాక ఆ తాళ్ళ పిచ్చి పువ్వుల మీదికి మళ్ళింది. ఐరిస్ అని ఒక పువ్వు. ఆకులు కత్తుల్లా ఉంటాయి. పువ్వుకి మూడు రేకులు పైకి దోసిలి పట్టినట్టు నిలబడతాయి, మూడు కిందికి నాలుకల్లా వేలాడతాయి. ఒక్కో నాలుక మీదా నూగునూగుగా ఒక చార ఉంటుంది. దాన్ని గడ్డం అంటారట.

"పువ్వుకి గడ్డమేంట్రా, ముందు నీది గీసుకో," అంది పెద్దక్క మొదటిసారి చూసినప్పుడు.

మావయ్య పనేంటంటే, ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకి రుద్దడం, కాయ కాయించడం, గింజలు నాటడం, రెండు మూడేళ్ళు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చోవడం, చివరికి పూసిన పువ్వుని చూసి "ఛ" అనడం. ఆ ఛీ కొట్టించుకున్న పువ్వులే వీధంతటికీ ముద్దొచ్చేవి. ఆయనకి కావలసింది వేరు. ఇటుక రంగు రేకు, దాని మీద నీలం గడ్డం.

ఇదే పిచ్చి ఉన్న మనిషి ఇంకొకావిడ దొరికింది. ఎక్కడ? భూమికి సరిగ్గా అవతలి వైపు. రొట్టెలు కాల్చి కాల్చి మానేసిన ముసలావిడ. మన కాళ్ళ కింద ఉంటుంది కాబట్టి మావయ్య ఆవిణ్ణి "కిందావిడ" అనేవాడు. ఇద్దరూ ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. ఈయన బనీనుతో విసనకర్ర విసురుకుంటుంటే, ఆవిడ చెవుల దాకా ఉన్ని టోపీ లాక్కుని కనబడేది. ఇక్కడ ఎండ మండితే అక్కడ మంచు. ఇక్కడ ఆకు రాలితే అక్కడ చిగురు.

ఆవిడ భాష ఈయనకి రాదు, ఈయన భాష ఆవిడకి రాదు. మావయ్యకి వచ్చిన ఇంగ్లీషంతా లిఫ్టు గోడ మీద రాసి ఉండేదే. దానికే ఫ్లవరూ, లీఫూ తగిలించి నెట్టుకొచ్చాడు.

"ఫ్లవర్ ఓపెన్?"

"ఓపెన్! ఓపెన్!"

"లీఫ్?"

"డౌన్."

"వై డౌన్?"

"ఓవర్‌లోడ్!" అంటే నీళ్ళు ఎక్కువయ్యాయని.

మావయ్య భార్య పక్కగదిలోంచి అరిచేది. "వదినా, చూడండి! నాతో మాట్లాడమంటే తలనొప్పంటాడు. అక్కడైతే తలుపులు ఓపెన్లూ క్లోజులూ!"

"నువ్వు కూడా భూమికి అవతలికి పోవే, నీతోనూ మాట్లాడతాడు," అనేది కుట్టిన బట్టలు ఇచ్చిపోవడానికి వచ్చిన పెద్దక్క.

అయితే ఈ అటూఇటూ వ్యవహారంలో ఒక తిరకాసుంది. ఇక్కడ పువ్వులు విచ్చుకునే వేళకి అక్కడి మొక్కలు ముడుచుకుని పడుకుంటాయి. అక్కడ విచ్చుకునే వేళకి ఇక్కడివి పడుకుంటాయి. అందుకని అటు పుప్పొడి ఇటు వచ్చాక, ఇక్కడి పువ్వు కళ్ళు తెరిచేదాకా కదలకుండా ఎదురుచూడాలి. ఎక్కడ? ఎముకలు కొరికే చలిలో. ఎవరి చలిలో? పెద్దక్క ఫ్రిజ్జులో, ఐసు పెట్టెలో.

పెద్దక్క భర్త పోయి, ఆవిడ కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, తలుపేసుకుని కూర్చున్న రోజుల్లో తెచ్చాడు మొదటి పొట్లం.

"అక్కా, మా ఇంట్లో ఒకటుంది. ఇది రెండోది. నీ ఐసు పెట్టెలో పెట్టు."

"ఏంట్రా ఇది, తపాలాలో వచ్చిన దుమ్ము?"

"దుమ్ము కాదు, కిందావిడ నీలిగడ్డం పువ్వు తాలూకు పుప్పొడి. విప్పకు. తడి తగలనీకు."

"నా ఫ్రిజ్జులో నేను చెయ్యి పెట్టుకోవడానికి నీ పర్మిషనొకటా!"

మర్నాటినుంచి రోజూ వచ్చేవాడు. "పొట్లం ఎలా ఉందక్కా?" అని అడిగేవాడు. "నిన్నటికన్నా నయం, జ్వరం తగ్గింది," అనేది పెద్దక్క. ఆయన వచ్చే వేళకి తలుపు తీసి ఉంచాలి కదా. తీసిన తలుపులోంచి ఎవరో ఒకరు రవికె గుడ్డ పట్టుకుని రానే వచ్చారు. మిషను మీది దుప్పటి తీయక తప్పలేదు.

ఇలా ఉండగా కిందావిడ ఒక మొక్కనే పంపింది. మట్టంతా కడిగి, ఆకులు కత్తిరించి, అధికారుల ముద్రలన్నీ కొట్టించుకుని వచ్చిన దుంప. అప్పుడే స్నానం చేయించిన పసివాడిలా ఉంది. ఆవిడ తోటలో దానికి మించింది లేదు. ఇటుక రంగు కుదిరింది, గడ్డం ఒక్కటే బూడిద రంగులో ఉంది. పెద్దక్క దగ్గరున్న పుప్పొడి నీలిగడ్డం పువ్వుది. ఈ రెంటినీ కలిపితే కావలసిన పువ్వు వస్తుందని ఇద్దరు ముసలాళ్ళ లెక్క.

మొక్క వచ్చింది గానీ, తన కాలం వదిలిపెట్టి రాలేదు. తక్కిన ఐరిస్‌లు చిగుళ్ళు వేస్తుంటే అది ముడుచుకుని పడుకుంది. దానికింకా అక్కడి చలికాలమే. మావయ్య ఊరుకుంటాడా? రోజూ పెద్దక్క ఇంట్లో మంచుగడ్డలు తీసి, గిన్నెలో వేసుకుని, ఎండలో పరిగెత్తుకెళ్ళి, దాని చుట్టూ పేర్చేవాడు.

"నాకు గ్లాసుడు చల్లటి నీళ్ళు లేకుండా చేశావు కదరా, ఆ దుంప కోసం!"

"పాపం దూరం నుంచి వచ్చింది. ఉన్నట్టుండి ఎండాకాలం అంటే బెదిరిపోదూ?"

"మనుషులం మేమిక్కడ బెదిరిపోతున్నాం, మాకూ పేర్చు నాలుగు గడ్డలు!" అంది మావయ్య భార్య.

ఆ ఏడు ఎండలు పోయి, చలీ వానా మొదలయ్యాక ఒకరోజు ఫోను మోగింది. కిందావిడ ఉన్ని టోపీ లేకుండా కనబడింది. వెనక తోట లేదు, నీళ్ళున్నాయి. ఏటి కట్ట తెగిందని చేతులతో చూపించింది. కుళ్ళిపోయిన దుంపలు గుప్పెడు ఎత్తి చూపించింది. ఆవిడ చాలాసేపు మాటల కోసం వెతుక్కుంది. ఆఖరికి రెండే దొరికాయి.

"ఆల్ డౌన్," అంది.

మావయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. పెద్దక్క ఆ రోజు మంచుగిన్నె వెనక్కి తీసుకుపోదామని వచ్చి, అక్కడే ఉంది. తమ్ముడు అలా ఉండడం ఆవిడ చూడలేకపోయింది.

"నీ దగ్గరుందిగా ఆవిడ మొక్క. ఏడుపు మొహం పెట్టకు."

"ఉందక్కా. ఒక్కటే ఉంది. ఒక్క తాడు."

అంతటితో ఆగలేదు. కొద్దిరోజులకి ఆ ఒక్కటీ మొగ్గ తొడిగింది. అకాలంలో, వానల్లో, ఊళ్ళో ఇంకో ఐరిస్ పువ్వన్నది లేనప్పుడు. మావయ్య సంతోషించాల్సింది పోయి తల పట్టుకుని కూర్చున్నాడు. ఐరిస్ దుంప ఒక్కసారే పూస్తుంది. పూసేలోగా పక్కన పిల్లదుంపలు పెట్టుకుంటే వంశం నిలుస్తుంది. ఇది దారీతెన్నూ తెలియక, ఒక్క పిల్లయినా పెట్టకుండా పువ్వుకి సిద్ధమైపోయింది. పూస్తుంది, వాడుతుంది, చస్తుంది. కాయ కాస్తే గింజలు మిగులుతాయి. లేకపోతే కిందావిడ బతుకంతా పెంచింది ఈ వానలో కొట్టుకుపోయినట్టే.

"కాయ కాయాలంటే?" అంది పెద్దక్క.

"పుప్పొడి కావాలి. ఈ కాలంలో పువ్వేదీ లేదు. మా ఇంట్లో పొట్లం మొన్న ఫ్రిజ్జు చెడిపోయి ముద్దయిపోయింది. నీ దగ్గరున్నదొక్కటే దిక్కు. జాగ్రత్త అక్కా."

పెద్దక్క తల పైకెత్తుకుని ఇంటికెళ్ళింది. ఊరు ఊరంతా తన ఫ్రిజ్జు మీద ఆధారపడినట్టుంది ఆవిడ నడక.

మొగ్గ రంగు తేలిందని భార్య కేకేయగానే మావయ్య తడి మెట్ల మీద పరిగెత్తాడు. జారాడు. కాలు విరిగింది. నోట్లో పళ్ళు ఎగిరి బండ మీద పడి మూడు ముక్కలయ్యాయి. పువ్వుకి మాత్రం ఏమీ కాలేదు. ఆసుపత్రిలో కాలికి కట్టు వేసి ఇంటికి పంపారు. మర్నాడు కిటికీ పక్కన మంచం మీద పడుకోబెడితే, బోసినోటితో మొగ్గని చూస్తూ ఏదో గొణిగాడు.

"ఏమంటున్నాడు వదినా?" అంది భార్య.

"ఆకలేస్తోందంట," అంది పెద్దక్క. వాడికి పళ్ళు రానప్పటి నుంచి ఆ భాష ఆవిడకి తెలుసు. "ఇన్నాళ్ళకి వీడి పిచ్చి పనికొచ్చింది. ఉండవే, కటింగు షాపుకెళ్ళి రెండో జత తెస్తా."

మావయ్య చెయ్యి అడ్డంగా ఊపుతూ ఇంకేదో గొణిగాడు. పెద్దక్క వినిపించుకోలేదు.

కటింగు షాపులో ఒక్క మనిషి లేడు. ఎదురుగా అద్దాల తలుపులతో కొత్త సెలూన్ వచ్చి ఎన్నాళ్ళో అయింది. షాపాయన తన కుర్చీలో తనే కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. పెద్దక్కని చూడగానే గబుక్కున లేచాడు.

"మావయ్య రాలేదేంటి పెద్దక్కా? రోజూ వచ్చి పళ్ళు చూసుకుని, కాసేపు కూర్చుని, నాతో పోట్లాడి వెళ్ళేవాడు. రెండ్రోజులుగా పోట్లాట లేక ఒళ్ళంతా పట్టేసినట్టుంది."

సంగతి చెప్పింది. షాపాయన కంగారుగా గ్లాసు మీది గుడ్డ తీశాడు. "రోజూ నీళ్ళు మారుస్తున్నా. మెరుస్తున్నాయి చూడండి."

పెద్దక్క చూసింది. కొలతలు తీసిన కన్ను అది. ఆ పళ్ళ వరస తమ్ముడి నోటికి పట్టేది కాదు. తమ్ముడిది గుప్పెడంత మొహం, ఇవి గుర్రానికి కూడా వదులే. పైగా దవడ వెనక చిన్న రంధ్రం, అందులో మేకు దిగ్గొట్టిన గుర్తు. పళ్ళ డాక్టరు అద్దాల బీరువాలో నమూనాకి వేలాడదీసే జత!

"ఇవి వాడివేనా?"

"ఇంకెవరివి? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాయి," అన్నాడు షాపాయన గర్వంగా.

పెద్దక్క పళ్ళు గుడ్డలో చుట్టుకుని బయటపడింది. అప్పుడే వాన అందుకుంది. పక్కనే టీచరమ్మగారి మేడ. గొడుగు గుర్తొచ్చి మెట్లెక్కింది. మోకాళ్ళు పోయి టీచరమ్మ కిందికి దిగడం మానేసి చాలాకాలమైంది. తలుపు పక్కన మేకుకి మావయ్య గొడుగు వేలాడుతోంది.

"తీసుకెళ్ళండి గానీ, అది తెరుచుకోదు," అంది టీచరమ్మ నవ్వుతూ.

పెద్దక్క బటన్ నొక్కింది. గుంజింది. మోకాలికి అడ్డంపెట్టి లాగింది. లోపల ఒక్క ఊచ లేదు. గుడ్డ, కర్ర, అంతే.

"మీకు తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. మబ్బు పట్టగానే గొడుగు కోసమని ఎక్కి వస్తాడు. వచ్చి కూర్చుంటాడు. కాఫీ తాగి, వాన రాలేదులే అని గొడుగు ఇక్కడే వదిలేసి పోతాడు. తెరుచుకోదని నేను చెప్తే ఇంకెందుకు వస్తాడు పెద్దక్కా?"

పెద్దక్క వానలోకి దిగింది. తడిసింది. తడుస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది. అంటే తను? ఇన్నేళ్ళు తన ఐసు పెట్టె కాపలా కాసింది దేన్ని? కరెంటు పోయినప్పుడల్లా మంచు కొనుక్కొచ్చి కప్పింది దేనికి? నేరుగా ఇంటికెళ్ళి, పొట్లం తీసి, తడి తగలకుండా డబ్బాలో పెట్టుకుని, తమ్ముడింట్లో జొరబడింది. మంచం మీద పళ్ళు పడేసింది. పక్కన గొడుగు పడేసింది. కింద నీళ్ళ బకెట్ ఉంది. దాని మీదుగా పొట్లం పట్టుకుంది.

"గుర్రప్పళ్ళు! ఊచల్లేని గొడుగు! మరి ఇదేంట్రా? మైదాపిండా, మొహానికి రాసుకునే పౌడరా? బకెట్లో కలుపుతా, ఏదో తేలిపోతుంది!"

మావయ్య సగం లేచి, విరిగిన కాలు గుర్తొచ్చి, కెవ్వుమని, రెండు చేతులూ చాపి బోసినోటితో గోలగోలగా ఏదో అరిచాడు. ఆయన భార్య బిత్తరపోయింది. పెద్దక్కకి మాత్రం అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది.

"అసలుదట," అంది చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "ఊరందరికీ దొంగవి పెట్టి నాకొక్కదానికే అసలుదెందుకిచ్చావురా?"

"వాళ్ళింటికి వెళ్ళడానికి నాకేదో వంక కావాలి. నీ ఇంటికి రావడానికి నాకు వంకెందుకక్కా?" అన్నాడు మావయ్య, ఆ బోసినోటితోనే, మెల్లగా. అని ఊరుకున్నాడా? "పైగా నీకు దొంగది ఇస్తే ఆ పూటే పట్టేస్తావు. రోజూ విప్పి చూస్తావుగా."

"ఎవడు చెప్పాడు?"

"పొట్లమే. నేను ఎడమకి మడుస్తా. ఎప్పుడు చూసినా కుడికి మడిచి ఉంటుంది, కుట్టుపనివాళ్ళ మడత."

పెద్దక్క పొట్లం మడతని గబుక్కున అరచేత్తో కప్పేసింది. అంతలో మావయ్య భార్య కిటికీలోంచి చూసి కేకేసింది. "విచ్చుకుంది! వదినా, విచ్చుకుంది! వానలో తడిసిపోతోంది!"

ఆ తర్వాత జరిగింది వీధిలో చాలామంది గోడల మీంచి చూశారు. మావయ్య భార్య బట్టలు నానబెట్టే టబ్బు బోర్లించి పువ్వుకి గొడుగులా పట్టుకుంది. టబ్బు కింద పెద్దక్క, ముక్కుకి కళ్ళజోడు, చేతిలో సూది దారం లాగే చిన్న పటకారు. కిటికీలోంచి మావయ్య బోసి అరుపులు. ఎవరికీ అర్థం కాని ఆ అరుపులకి పెద్దక్క ఒక్కర్తే జవాబిస్తోంది.

"కనబడింది, గడ్డం పైన చిన్న పెదవిలా ఉంది... ఆ, దాని కిందికి కాదు, అంచు మీదే... తెలుసురా, అరవకు! బటన్లకి కాజాలు కుట్టిన చెయ్యి ఇది, నాకు చెప్తావా!"

ఇటుక రంగు రేకుల మధ్య, ఒక్కో పెదవి మీదా తెల్లటి పొడి అద్దింది. అయిపోయాక టబ్బు కిందే కాసేపు కూర్చుండిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఏమీ లేదు. బాగుందే పువ్వు. వీడు ఛీ అనకపోతే బాగుండు."

కిటికీలోంచి ఛీ వినబడలేదు.

పువ్వు వాడింది. వాడిన చోట చిన్న ఉబ్బు కనబడింది. పెద్దక్క రోజూ వచ్చేది, కాయ చూడ్డానికి. కట్టులో కాలు చాపుకుని మావయ్య మంచం మీంచి అడిగేవాడు. "ఎలా ఉందక్కా?" "నిన్నటికన్నా బలిసింది, నీలా కాదు," అనేది. తిరిగి వెళ్తూ దారిలో కటింగు షాపులో ఆగేది.

మొదటిరోజే షాపాయన అడిగాడు. "పళ్ళు సరిపోయాయా పెద్దక్కా?"

ముఖం మీద కొట్టినట్టు నిజం చెప్పడంలో ఆ వీధిలో పెద్దక్క తర్వాతే ఎవరైనా. ఆ పెద్దక్క అంది కదా, "అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. కొత్త జత వచ్చింది కాబట్టి వీటిని మళ్ళీ నీ దగ్గరే ఉంచమన్నాడు. జాగ్రత్తగా చూసుకో." కత్తెర సాన పట్టమని కూడా ఇచ్చింది. ఆ కత్తెరకి అప్పటికే గాలిని కోసేంత పదునుంది. రోజూ సాన పట్టించగా పట్టించగా అది గోళ్ళు తీసుకునే కత్తెరంత అయింది. మబ్బు పట్టినప్పుడల్లా టీచరమ్మ మెట్లు కూడా ఎక్కేది, గొడుగు ఉందో లేదో చూడ్డానికి.

కాయ పండింది, పగిలింది, గింజలు రాలాయి. ముడతలు పడిన గోధుమరంగు గింజలు. మావయ్య వాటిని రెండు వాటాలు చేశాడు. పెద్ద వాటా కిందావిడకి. చిన్న వాటా మళ్ళీ మూడు పొట్లాలు. ఒకటి కటింగు షాపుకి, ఒకటి టీచరమ్మ మేడమీదికి, ఒకటి పెద్దక్కకి. ఈసారి మూడూ అసలువే. పెద్దక్క అక్కడే నిలబడి, ప్రతి పొట్లమూ తనే విప్పి చూసి మరీ, కుడికి మడిచింది.

కొన్ని వారాలకి ఫోను మోగింది. కిందావిడ అరచెయ్యి తెరమీదికంతా చాపి చూపించింది. అందులో గింజలున్నాయి. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో పెద్దక్కకి తెలియలేదు గానీ, మాట మాత్రం గట్టిగా వినబడింది.

"గోయింగ్ అప్! గోయింగ్ అప్!"

"డోర్ ఓపెన్!" అన్నాడు మావయ్య, కొత్త పళ్ళు ఊడిపోయేలా.

పెద్దక్క ఫోనులోకి మొహం పెట్టి, "వీడి మాట నమ్మకమ్మా, ఒక గుప్పెడు ఇంకెవరింట్లోనైనా దాచుకో," అని తెలుగులో చెప్పింది. కిందావిడ గట్టిగా తలూపింది.

ఫోను పెట్టేశాక మావయ్య కిటికీలోంచి పాదు వైపు చూశాడు. పాదులో పాత దుంప ఎండిపోయింది. కాయ లేదు, చూడాల్సింది లేదు. మావయ్య కాలు అనుకున్నంత తొందరగా అతుక్కోలేదు. వీధి చివరదాకా నడవడం ఇక కష్టమేనని డాక్టరు అప్పటికే చెప్పాడు. పెద్దక్క కొంగు దులుపుకుని లేచింది.

"మరి నేను వస్తారా. నాకింక ఇక్కడ పనేముంది?"

గుమ్మం దాకా వెళ్ళింది. వెనకనుంచి పిలిచాడు.

"అక్కా."

"ఏంట్రా?"

"వెళ్ళేముందు నీదేదైనా ఒకటి ఇక్కడ వదిలి వెళ్ళు."

"నాదా? ఏం వదలను?"

"ఏదైనా సరే," అన్నాడు మావయ్య. "పనికిరానిదైనా ఫర్వాలేదు."